శుభ్రానికి వాసనెందుకు చెల్లీ?

రా చెల్లీ, కూర్చో. టీ మరుగుతోంది. ముందు ఆ ఫినాయిల్ బకెట్ తీసుకెళ్లి వెనక బాల్కనీలో పెట్టు, హాల్లో కిటికీలు రెండూ బార్లా తెరువు. పంజరం నేను పడగ్గదిలోకి మార్చి తలుపేసి వచ్చానులే. ఇక తీరిగ్గా మాట్లాడుకుందాం.

నీ దిగులు నాకు తెలుసు. పిల్లాడు ముచ్చటపడ్డాడని సంక్రాంతికి లవ్ బర్డ్స్ జత తెచ్చుకున్నావు. ఇల్లంతా కిచకిచలతో కళకళలాడుతోంది. కానీ ఇల్లు తుడిచిన రోజల్లా అవి ఈకలు ఉబ్బించుకుని ఓ మూల ముడుచుకుంటున్నాయి. తుడవకపోతే ఇల్లు బాగోదు, తుడిస్తే పిట్టలకు బాగోదు. మధ్యలో ఊరి నుంచి అత్తయ్యగారొచ్చి "ఏంటమ్మా, ఇల్లంతా పిట్టల వాసన" అంటారేమోనని ఇంకో భయం. ఇది నీ ఒక్కదాని బాధ అనుకోకు. మన తాడేపల్లి అపార్ట్‌మెంట్లలో పంజరం పెట్టుకున్న ప్రతి ఇల్లాలికీ ఏదో ఒక శనివారం ఈ గుబులు పుట్టే ఉంటుంది.

నేనూ పడ్డదాన్నే. ఒక దసరాకి ఇల్లు కడుగుతూ బాత్‌రూమ్‌లో యాసిడ్ పోశాను. మరకలు వదల్లేదని దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లాను. ముక్కూ కళ్లూ మండిపోయి బయటికి పరుగెత్తాను, తలుపు మూయడం మర్చిపోయాను. పంజరం ఆ పక్క వసారాలోనే ఉంది. సాయంత్రానికి జతలో ఒకటి లేదు. ఇంట్లో ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అయినా మిగిలిన పిట్ట తోడు కోసం పిలుస్తుంటే చాలా రోజులు వినలేకపోయాను. నీకు అలాంటి సాయంత్రం రాకూడదనే ఈ ముచ్చట. ఒకవేళ ఇప్పటికే వచ్చి ఉంటే నిన్ను నువ్వు తిట్టుకోకు తల్లీ. తెలిసి చేసింది కాదుగా. తెలుసుకున్నాక ఏం చేస్తామన్నదే ముఖ్యం.

మనం తట్టుకున్న వాసనను ఆ చిన్నప్రాణం ఎందుకు తట్టుకోలేదంటావా? వాటి ఊపిరి తీరే వేరు. మనం పీల్చిన గాలి వెళ్లిన దారినే వెనక్కి వస్తుంది, కొంత పాతగాలి లోపలే ఉండిపోతుంది. పక్షులకు ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులుంటాయి, చాలా పక్షులకు తొమ్మిది. వాటి సాయంతో గాలి ఊపిరితిత్తుల్లో ఒకే వైపుకి సాగుతుంది. పీల్చేటప్పుడూ కొత్తగాలే, వదిలేటప్పుడూ కొత్తగాలే. ఎగరాలంటే అంత ఊపిరి కావాలి మరి! గాలిలోని ప్రాణవాయువును అవి మనకన్నా బాగా పట్టుకుంటాయి. గాలిలో విషముంటే దాన్నీ అంత బాగానూ పట్టుకుంటాయి. పైగా మనం లవ్ బర్డ్స్ అని పిలిచే బడ్జీ పిట్ట బరువెంత? ముప్పై నలభై గ్రాములు. ఓ నిమ్మకాయంత. అంత చిన్న ఒంటికి మనకు లెక్కలేనంత ఘాటు కూడా పెద్ద మోతాదే.

ఈ సంగతి బొగ్గు గనుల వాళ్లకి ఎప్పుడో తెలుసు. 1890ల్లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త సలహా ఇచ్చాక, బ్రిటన్ గనుల్లోకి కెనరీ పిట్టల్ని వెంట తీసుకెళ్లేవారు. విషవాయువుంటే మనిషికన్నా ముందు పిట్ట సోలిపోయేది, అది చూసి కార్మికులు బయటపడేవారు. చివరికి 1986లో యంత్రాలు పెట్టి ఆ పద్ధతి మాన్పించారు. నాకు దీంట్లో ఒక ధైర్యం కనిపిస్తుంది చెల్లీ. పిట్టకు సరిపడే గాలి ఇంట్లో ఉంచితే, ఆ గాలి పాకే పాపాయికీ, ఆయాసంతో బాధపడే మామయ్యగారికీ కూడా మంచిదే. పిట్ట కోసం చేసే మార్పు ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది.

మన గుంటూరు వైపు ఒక నమ్మకం ఉంది. "చిలక పచ్చి మిరపకాయను కొరికి తినేస్తుంది, దానికి ఫినాయిల్ ఓ లెక్కా?" అంటారు. మిరపలో ఉండే కారం పక్షుల నరాలకు తగలదు, అందుకే తినగలవు. మిరప గింజల్ని ఊళ్లకి ఊళ్లు దాటించేదీ అవే. అంతమాత్రాన వాటి ఊపిరి గట్టిదని కాదు. తాలింపులో ఎండుమిరప మాడితే మనం దగ్గి, తుమ్మి, స్టవ్ ఆపేసి కిటికీ తీస్తాం. పిట్ట మనలా గోల చేయదు. పొగ మాత్రం దానికీ పొగే. చిలక మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట: మన తోటల్లో తిరిగే రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అది చెట్టు మీదే బాగుంటుంది. మనం మాట్లాడుకుంటున్నది పంజరంలోనే పుట్టి పెరిగిన బడ్జీల గురించి, కాకటీల్స్ గురించి.

సరే, ఇక పనిలోకి దిగుదాం. ముందు మనసులో ఒక ముడి విప్పుకోవాలి. ఇల్లు తుడిచాక ఘుమఘుమలాడితేనే శుభ్రమైనట్టని మనకెవరు చెప్పారు? మురికి పోతే శుభ్రం. వాసన దాని మీద పూసే పూత, అంతే. కడిగిన స్టీలు గ్లాసుకి ఏ వాసనా ఉండదు. అది శుభ్రంగా లేదంటామా? ఈ ఒక్క మాట మనసుకెక్కితే సగం పని అయిపోయినట్టే.

అందుకే షాపులో సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఒకటి, దీని వాసన గంట తర్వాత కూడా ఇంట్లో ఉంటుందా? ఉంటే వద్దు. రెండు, ఇది గాలిలోకి చిమ్మేదా, గుడ్డ మీద పోసుకునేదా? చిమ్మేదైతే వద్దు. సన్నటి తుంపర్లు గాలిలో తేలుతూ నేరుగా పిట్ట ఊపిరిలోకి పోతాయి. మూడు, లేబుల్ మీద ఏముంది? ఫినాల్, క్లోరోక్సిలెనాల్, అమోనియా, సోడియం హైపోక్లోరైట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పైన్ ఆయిల్ లాంటి మాటలు కనిపిస్తే పిట్ట ఉన్న గదికి అది పనికిరాదు. నల్ల ఫినాయిల్లో ఫినాల్ జాతి పదార్థాలుంటాయి. తెల్ల ఫినాయిల్ చాలావరకు పైన్ ఆయిల్‌తో చేస్తారు. రంగు మారినంత మాత్రాన మెత్తబడదు సుమా. "హెర్బల్", "నేచురల్" అని పచ్చటి ఆకు బొమ్మేస్తే కూడా మోసపోకు. నీలగిరి తైలం, కర్పూర తైలం, నిమ్మగడ్డి నూనె చెట్ల నుంచి వచ్చినవే, ఘాటు మాత్రం ఘాటే.

మరి నేల దేంతో తుడవాలి అంటావా? నేను చేసేది చెప్తాను. పొడి చీపురుతో ఊడిస్తే ఈకల పొట్టు, గింజల పొట్టు గాలిలోకి లేస్తాయి, కాబట్టి పంజరం చుట్టూ ముందు తడిగుడ్డతో ఎత్తేస్తాను. తర్వాత బకెట్ గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా, ఘాటు వాసన లేనిది. ఒకసారి దాంతో, ఇంకోసారి మంచినీళ్లతో. రెండోసారి తుడవడం మాత్రం మానకు. పిట్ట నేల మీద దిగి ముక్కుతో పొడుస్తుంది, కాళ్లకంటుకున్నది ఈకలు సవరించుకుంటూ నోట్లోకి తీసుకుంటుంది. నేల పూర్తిగా ఆరాకే పంజరం తలుపు తియ్యి. ఎండాకాలం మన దగ్గర వేడికి తలుపులన్నీ మూసి ఏసీ వేసుకుంటాం కదా, లోపలి గాలి లోపలే తిరుగుతుంది. అందుకే తుడిచే పని తెల్లవారుజామునే పెట్టుకుందాం. కృష్ణ మీది నుంచి గాలి చల్లగా వీచే వేళ అది, కిటికీలు తెరిచిపెట్టుకోవచ్చు.

ఇక పంజరం. దీనికి మందులకన్నా క్రమం ముఖ్యం. అడుగు ట్రేలో కాగితం రోజూ మార్చు. నీళ్ల గిన్నె రోజూ కడుగు. వారానికోసారి పిట్టల్ని ఇంకో చిన్న పంజరంలోకి మార్చి, పెద్దదాన్ని వేడినీళ్లు, సబ్బుతో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్ది, రెండుసార్లు తొలిచి ఎండలో పెట్టు. మన పల్నాటి గాలికి, గుంటూరు ఎండకి గంటలో ఎండిపోతుంది. ఎండిపోయిన రెట్టను గోకకు, తడిగుడ్డ కాసేపు అద్ది ఉంచితే నాని తనే వస్తుంది. గోకితే పొడి మన ముక్కులోకే పోతుంది.

బోరు నీళ్లకి గిన్నెలు గార పడతాయి కదూ? సగం నీళ్లు, సగం తెల్ల వెనిగర్ కలిపి అరగంట నాననిచ్చి కడిగెయ్. వెనిగర్ వాసన కూడా ఘాటే కాబట్టి ఆ పని సింకు దగ్గర చెయ్యి, మరిగించకు. మొండి జిడ్డుకి వంటసోడా చల్లి తడిగుడ్డతో రుద్దు. ఒక పొరపాటు మాత్రం చాలామందిమి చేస్తాం. వెనిగర్, వంటసోడా కలిపేసి బుసబుస పొంగితే గొప్పగా పనిచేస్తోందనుకుంటాం. ఒకటి పులుపు, ఒకటి క్షారం. కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుని దాదాపు ఉత్త నీళ్లే మిగులుతాయి. విడివిడిగా వాడితేనే వాటి బలం.

జబ్బు చేసిన పిట్ట ఉన్నప్పుడో, కొత్త పిట్టను తెచ్చినప్పుడో క్రిములు చావాలనుకుంటే బ్లీచ్ ద్రావణం పనికొస్తుంది, కాదనను. పద్ధతి తెలిస్తే చాలు. పిట్టలు వేరే గదిలో, తలుపు వేసి. పంజరం ముందు సబ్బుతో కడిగి ఉండాలి, మురికి మీద బ్లీచ్ పనిచేయదు. ముప్పై పాళ్ల చల్లటి నీళ్లకి ఒక పాలు బ్లీచ్. పది నిమిషాలు ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా కడిగి, ఎండబెట్టాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మనందరికీ గుబులు పుట్టింది. అలాంటప్పుడు కూడా కంగారుగా పంజరం మీద మందు కొట్టడం కాదు, చేతులు సబ్బుతో కడుక్కోవడం, వీధి చెప్పులు గుమ్మం బయట వదలడం, కాకులూ పావురాలూ పంజరం మీద వాలకుండా చూసుకోవడం, ఇవీ మనం చేయాల్సినవి.

బాత్‌రూమ్ సంగతి కాస్త గట్టిగా చెప్తాను, కోపం తెచ్చుకోకు. యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ ఎప్పుడూ కలపకు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో బెల్జియంలో యుద్ధభూమి మీద సైనికుల మీదికి వదిలింది ఆ వాయువునే. వెనిగర్, నిమ్మరసం కూడా పులుపులే కాబట్టి బ్లీచింగ్‌తో వాటినీ కలపకు. అమోనియా ఉన్న లిక్విడ్ కూడా అంతే, ఇంకో రకం విషవాయువు వస్తుంది. టాయిలెట్‌కి ఏదో ఒకటే వాడు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యి, తలుపు మూయి, ఎక్కువ నీళ్లు పొయ్యి. పంజరం బాత్‌రూమ్ తలుపుకి ఎదురుగా ఉంటే ఇవాళే మార్చెయ్. వాష్‌బేసిన్‌లో వేసే కలరా ఉండలు, గోడకి వేలాడదీసే సువాసన గడ్డలు మెల్లగా ఆవిరైపోతూ రోజంతా గాలిలో కలుస్తుంటాయి. తీసి పారేస్తే నీకేం లోటు? కిటికీ తెరిస్తే పోయే వాసనకి వాటి అవసరమేముంది?

2024 సెప్టెంబరు గుర్తుందిగా? ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. అవతలి ఒడ్డున విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇళ్లన్నీ మునిగాయి. నీళ్లు తీశాక బురద కడగడానికి ఫైరింజన్లు వచ్చాయి, వీధుల్లో బ్లీచింగ్ చల్లారు. అలాంటప్పుడు బ్లీచింగ్ తప్పదు, మనుషుల ప్రాణాల కోసం చల్లాల్సిందే. మనం చేయగలిగింది పిట్టను ఆ నాలుగు రోజులు మెరక మీదున్న చుట్టాలింటికి పంపడం, ఇల్లు కడిగి, ఆరి, క్లోరిన్ వాసన పోయాకే వెనక్కి తెచ్చుకోవడం. గోడలకి పెయింట్ వేయించినా ఇదే పద్ధతి. నది ఒడ్డున ఉంటున్నాం కాబట్టి అలాంటి రోజుకి ఒక చిన్న పంజరం, నాలుగు రోజుల గింజలు సిద్ధంగా పెట్టుకో. మన పత్రాలు ఒక సంచిలో పెట్టుకున్నట్టే ఇదీ.

దోమలకేం చేద్దాం? కాయిల్ పొగ వద్దు, ప్లగ్గులో పెట్టే లిక్విడ్ పిట్ట గదిలో వద్దు, స్ప్రే అసలే వద్దు. బొద్దింకల చాక్‌పీసు గీత గీస్తే పిట్ట దాన్నీ ముక్కుతో పొడిచి చూస్తుంది. కిటికీలకి జాలీ కొట్టించు, రాత్రి పంజరం మీద దోమతెర గుడ్డ కప్పు. ఆ గుడ్డ ఉతికినప్పుడు సువాసన లిక్విడ్లో ముంచకు. వీధిలోకి ఫాగింగ్ బండి వస్తున్న చప్పుడు వినగానే కిటికీలు మూసి పంజరం లోపలి గదికి మార్చు, పొగ సద్దుమణిగాక తెరువు.

దేవుడి గది మాట ఎత్తితే అత్తయ్యగారు నొచ్చుకుంటారేమోనని సందేహిస్తున్నావు కదూ? పూజ మానమని ఎవరన్నారు? దీపం దేవుడి దగ్గరే పెడదాం. అగరొత్తులు తులసికోట దగ్గర వెలిగిద్దాం. హారతి కర్పూరం, సాంబ్రాణి ధూపం వేసే వేళకి పంజరం ఇంకో గదిలో ఉంటే సరిపోతుంది. పక్షీశ్వరుడైన గరుత్మంతుణ్ణి వాహనంగా చేసుకున్న స్వామి, పిట్ట కోసం ధూపం నాలుగడుగులు జరిపితే కాదంటాడా? అత్తయ్యగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పు, ఆవిడే పంజరం మార్చి పెడతారు చూడు.

వంటింట్లో ఒక్కటే గుర్తు పెట్టుకో. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పెద్ద మంట మీద మర్చిపోతే, వేడి 260 డిగ్రీలు దాటేసరికి దాని పూత నుంచి పొగ మొదలవుతుంది. ఆ పొగ మన కంటికి కనబడకపోయినా నిమిషాల్లో పిట్టల ప్రాణం తీస్తుంది. పెసరట్టుకి అమ్మమ్మల నాటి ఇనప పెనమే రుచి, క్షేమం కూడా.

ఇల్లు తుడవడానికి వచ్చే ఆవిడతో కూడా కూర్చుని మాట్లాడు. "ఈ గదిలో ఇది వాడకమ్మా" అని ఒక్కసారి చెప్పి వదిలేస్తే మర్చిపోతుంది, తప్పు ఆమెది కాదు. సబ్బునీళ్ల సీసా ఒకటి నువ్వే కలిపి, దాని మీద పిట్ట బొమ్మ అతికించి పెట్టు. ఎందుకో కూడా చెప్పు. నాలుగిళ్లలో రోజూ ఆ యాసిడ్ ఆవిర్లు పీల్చేది ఆమే కదా, నీ కారణంగా ఆమె ఊపిరీ కాస్త తేలికపడుతుంది.

ఇంత జాగ్రత్తపడ్డా ఎప్పుడైనా పొరపాటు జరగొచ్చు. గుర్తులు తెలుసుకుని ఉందాం. ఊపిరితో పాటు తోక పైకీ కిందికీ ఊగడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, ఈకలు ఉబ్బించుకుని కొమ్మ దిగి పంజరం అడుగున కూర్చోవడం. పిట్టలు జబ్బును దాచుకుంటాయి, నీరసంగా ఉన్నట్టు కనబడితే గద్ద తన్నుకుపోతుందన్న భయం వాటి రక్తంలోనే ఉంది. కాబట్టి మనకు తేడా కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. వెంటనే మంచిగాలి ఉన్న చోటికి తీసుకెళ్లు, వెచ్చగా, చీకటిగా, సందడి లేకుండా ఉంచు. నోట్లో నీళ్లు పోయకు, ఇంటి మందులు వేయకు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడిన సీసాను ఫోటో తీసుకుని తీసుకెళ్లు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. గుంటూరులోనో విజయవాడలోనో పిట్టల్ని చూసే డాక్టరెవరో కనుక్కుని, ఆ నంబరు గ్యాస్ నంబరు పక్కనే రాసి పెట్టుకో. అవసరం పడ్డాక వెతకడం కాదు, ఇవాళే.

ఉప్పలపాడు చెరువు చూశావా ఎప్పుడైనా? గుంటూరు దగ్గర, ఊరి నడుమే, చెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి గూళ్లు కడతాయి. ఆ ఊరివాళ్లు వాటి రెట్టల వాసనను, రాత్రింబవళ్ల గోలను ఓర్చుకుంటూ తమ ఊరి పిల్లల్లా చూసుకుంటున్నారు. వేల పక్షుల్ని ఒక ఊరు చూసుకోగలిగినప్పుడు, రెండు పిట్టల్ని మనం చూసుకోలేమా?

అత్తయ్యగారు వచ్చి "ఇల్లు తుడిచావా, వాసనే లేదు?" అంటే భయపడకు. చేయి పట్టుకుని పంజరం దగ్గరికి తీసుకెళ్లు. ఉబ్బిన ఈకలు సర్దుకుని, కొమ్మ మీద గెంతుతూ అవి కిచకిచలాడుతుంటే ఆవిడే కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

అయ్యో, మాటల్లో పడి నీ టీ చల్లారిపోయింది. ఉండు, మళ్లీ వెచ్చబెడతాను. ఈలోపు నువ్వెళ్లి పడగ్గది తలుపు తియ్యి, హాల్లో నేల ఆరి, ఫినాయిల్ వాసన కూడా పోయిందిగా. పిట్టల్ని తెచ్చి కిటికీ పక్కన పెట్టు.